నాలుగో పూసా, ఐదో పూసా?

నడుముకు స్క్రూలు వేసే ఆపరేషన్ల మీద డాక్టర్లు రాసిన పుస్తకాలు చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్స్‌రే తీసేవాడి ప్రస్తావన ఎంత వెతికినా దొరకదు. ఆపరేషన్ బాగా జరిగితే అది సర్జన్ చెయ్యి చలవ. చెడితే ఎక్స్‌రే సరిగా రాలేదు. ఈ న్యాయం కింద ముప్పై ఏళ్లకు పైగా బతికినవాణ్ణి కాబట్టి, కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

నా పేరు ఓబులేసు. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు ఎముకల ఆసుపత్రిలో రేడియోగ్రాఫరుగా చేరి అక్కడే రిటైరయ్యాను. ఎప్పుడు చేరాను, ఎప్పుడు సీనియర్ని అయ్యాను అనేవి రాయను. నేను సీనియర్నయిన సంగతి జీతానికి కూడా ఆలస్యంగానే తెలిసింది.

అసలు పని ఏంది

పాత పద్ధతిలో నడుము ఆపరేషన్ అంటే వీపు నడిమధ్యన జానెడు కోత. కండను ఎముక మీంచి ఒలిచి, పక్కకు లాగి, పూసను కళ్లారా చూసి స్క్రూ దించేవాళ్లు. కొత్త పద్ధతిలో అంత కోత లేదు. వేలు వెడల్పు గాట్లు నాలుగు పెడతారు. ఒక్కో గాటులోంచి లావుపాటి సూదిని పూసలోకి దించి, ఆ సూదిలోంచి సన్నటి తీగ పంపి, తీగను దారిగా చేసుకొని మధ్యలో బోలుగా ఉండే స్క్రూను ఎక్కిస్తారు. కండ చెడదు, రక్తం ఎక్కువ పోదు, మనిషి తొందరగా లేస్తాడు. వెటకారం లేకుండా చెబుతున్నాను, మంచి పద్ధతి.

చిక్కు ఒక్కటే. సర్జన్‌కు ఎముక కనపడదు. ఆయనకు కనపడేది తెర మీద మనం చూపించే నీడ. ఆ నీడను చూపించే యంత్రం సీ-ఆర్మ్. ఆపరేషన్ బల్లకు అటూ ఇటూ వంపు తిరిగిన చెయ్యిలా ఉంటుంది. కింద పెడలు తొక్కితే బొమ్మ వస్తుంది, వదిలితే పోతుంది. అంతేనా అని అడిగేవాళ్లు మా చుట్టాలు. అంతే. లారీ నడపడం కూడా స్టీరింగు తిప్పడమే గదా.

బొమ్మలో ప్రతి పూసకూ రెండు పక్కలా రెండు గుండ్రటి నీడలు కనిపిస్తాయి. స్క్రూ పోవాల్సిన దారి అదే. పూస నుంచి వీపు వైపు పొడుచుకొచ్చే వెన్నుముల్లు ఆ రెండింటికీ సరిగ్గా నడుమన రావాలి. రాకపోతే యంత్రాన్ని తిప్పండి. డాక్టరు తొందరపెట్టినా తిప్పండి. వంకర బొమ్మ మీద వేసిన స్క్రూ నరంలోకి పోతే కాలు పడిపోయేది పేషెంటుకు, మీకు కాదు, డాక్టరుకూ కాదు.

ఇంకొకటి. రేడియేషన్ ఎంత తగిలిందో కొలిచే బ్యాడ్జీ ఇస్తారు, అది చొక్కాకు పెట్టుకోండి. మా పెద్ద డాక్టరు తన బ్యాడ్జీని ఏళ్ల తరబడి టేబులు సొరుగులో భద్రంగా దాచుకున్నాడు. ప్రతిసారీ రిపోర్టు బ్రహ్మాండంగా వచ్చేది. ఆ సొరుగంత ఆరోగ్యంగా ఆసుపత్రిలో ఎవరూ లేరు.

కోత లేదు, కుట్టు లేదు

ఆ పెద్ద డాక్టరు పేరు రఘునాథ్. కోస్తా జిల్లా మనిషి, ప్రొద్దుటూరులో స్థిరపడ్డాడు. చెయ్యి మంచిది. ఈ మాట ముందే రాసిపెడుతున్నాను, ఎందుకంటే ఇకముందు నేను రాసేదాంట్లో అది మరుగున పడే ప్రమాదం ఉంది.

ఆయన ఒకసారి ఊరు దాటి పోయి రెండు రోజులు ఈ కొత్త పద్ధతి నేర్చుకొని వచ్చాడు. అక్కడిచ్చిన సర్టిఫికెట్‌కు కట్టించిన ఫ్రేము, ఆయన డాక్టరు పట్టా ఫ్రేము కంటే పెద్దది. వారం తిరిగేసరికి ఎర్రగుంట్ల దాకా ఆటోల వెనక మా ఆసుపత్రి బొమ్మ: "కోత లేదు, కుట్టు లేదు, నొప్పి లేదు."

మా థియేటర్ సిస్టర్ మేరమ్మ ఆ ఆటోను చూసి నన్నడిగింది. "కుట్లు ఇప్పేది నేనే గదప్పా. మరి నేను ఇన్ని దినాలూ ఏం ఇప్పుతాండా?"

"నొప్పి కూడా లేదంట సిస్టర్."

"ఆ ఆటో ఎక్కినోళ్లకు యాడికి పోతాది నొప్పి, ఆ రోడ్డు మీద!"

అరిచినందుకు

కొత్త పద్ధతిలో మేం చేసిన మొదటి కేసుల్లో జమ్మలమడుగు మనిషి ఒకడున్నాడు. నరసింహులు. బండల గనిలో కూలి. లారీకి నాపబండలు ఎత్తుతూ కాలు జారి వెల్లకిలా పడ్డాడు. నడుములో మొదటి పూస నలిగిపోయింది. కాళ్లు ఆడుతున్నాయి, అదృష్టం. విరిగిన పూసకు పైన ఒక జత, కింద ఒక జత స్క్రూలు వేసి, రాడ్డుతో బిగించాలి.

మూడు స్క్రూలు సాఫీగా దిగాయి. నాలుగోదానికి తీగ పంపి, దాని మీదుగా స్క్రూకు మర కోసే పనిముట్టును పోనిస్తున్నాడు డాక్టరు. నేను పక్క నుంచి బొమ్మ తీస్తున్నాను. ఒక బొమ్మలో తీగ మొన పూస లోపల ఉంది. తర్వాతి బొమ్మలో పూస ముందు అంచు దగ్గరుంది. పనిముట్టుతో పాటు తీగ కూడా ముందుకు నడుస్తోంది. పూసకు ముందు ఏముంటుందో మీకు తెలిసే ఉండాలి. బొటనవేలంత లావు రక్తనాళం. గుచ్చుకుంటే ఆ మనిషిని బోర్లా ఉన్నవాణ్ణి వెల్లకిలా తిప్పేలోపలే అయిపోతుంది.

డాక్టరు తెర చూడటం లేదు, తన చెయ్యి చూసుకుంటున్నాడు. చెయ్యి అందంగానే ఉంటుంది, కాదనను.

"సార్! తీగ పోతాంది! ఆపండి!" అని అరిచాను.

చెయ్యి ఆగింది. తెర చూశాడు. తీగను వెనక్కు లాగి, సరిచేసి, స్క్రూ దించాడు. నరసింహులు మూడో రోజు వరండాలో నడిచాడు. ఆ నడకను ఫొటో తీసి ఆటోల వెనక కొత్త బొమ్మ వేశారు.

నాకు కూడా గౌరవం జరిగింది. బట్టలు మార్చుకునే గదిలోకి పిలిచాడు.

"ఓబులేసూ, ఇది థియేటరు, సంత కాదు. అందరి ముందూ ఆ అరుపులేంటి?"

"తీగ ముందుకు పోతాండె గద సార్."

"నాకు తెలుసు. నేను చూస్తూనే ఉన్నాను. నువ్వు బొమ్మ తీసేవాడివి, బొమ్మ చూసేవాణ్ణి నేను. ఆ తేడా గుర్తుపెట్టుకో. ఇకమీదట అడిగితేనే మాట్లాడు."

"సరే సార్" అని బయటికి వచ్చాను. నాకప్పుడు ఏమనిపించిందో దాచుకోను. ఒక మనిషిని కాపాడినందుకు తిట్లు తిన్నాననే బాధ కంటే, ఇకనుంచి నోరు మూసుకుంటే బరువు నాది కాదనే తేలిక ఎక్కువగా ఉండింది. పిల్లలూ, ఆ తేలిక చాలా సుఖంగా ఉంటుంది. దాన్ని నమ్మొద్దు.

ఊరకుండినందుకు

కొన్ని నెలల తర్వాత పులివెందుల పక్క పల్లె నుంచి లక్షుమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. వాళ్లకు చీనీ తోటలున్నాయి, కోస్తావాళ్లు బత్తాయి అనేవి. భర్త గంగిరెడ్డి ఊళ్లో పెద్దరికం చేస్తాడు, ఇంట్లో పెద్దరికం ఆమెది. నిలబడితే నడుము దగ్గర పూస ముందుకు జారి నరాన్ని నొక్కుతోంది. పిర్ర నుంచి బొటనవేలి దాకా కాలు లాగేస్తోంది. తోటలో పది చెట్లు దాటేలోపల కూలబడుతోంది.

స్కానింగు బయట తీయించుకొచ్చారు. నాలుగో పూసకూ ఐదో పూసకూ మధ్య జారుడు అని రిపోర్టు. ఆపరేషన్ ముందు రోజు మామూలు ఎక్స్‌రే నేనే తీశాను. ఎండబెట్టిన మిరపకాయలు ఏరినట్టు పూసలు లెక్కపెట్టడం నాకు అలవాటు. నడుములో సాధారణంగా ఐదు పూసలుంటాయి. లక్షుమ్మకు ఆరున్నాయి.

ఇదేమీ జబ్బు కాదు. కొందరికి ఆరుంటాయి, కొందరికి నాలుగుంటాయి, వాళ్లకు తెలియకుండానే బతికేస్తారు. కానీ ఆపరేషన్ బల్ల మీద ఇదే కొంప ముంచుతుంది. స్కానింగువాళ్లు పక్కటెముకల కింద నుంచి ఒకటి, రెండు అని దిగుతూ లెక్కపెట్టారు. థియేటర్లో మేం కింద కటి ఎముక దగ్గర మొదలుపెట్టి, దాని పైనున్నది ఐదు, ఆ పైది నాలుగు అని ఎక్కుతూ లెక్కపెడతాం. ఐదు పూసలుంటే రెండు లెక్కలూ కలుస్తాయి. ఆరుంటే ఒక మెట్టు తేడా వస్తుంది. ఎక్స్‌రే కవరు మీద పెన్సిలుతో "6" అని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను. నా బాధ్యత తీరింది అనుకున్నాను. కవరును ఎవరూ చదవరు. కవరు ఉండేది లోపలిది తీసి అవతల పడేయడానికి.

మరుసటి రోజు పొద్దున లక్షుమ్మను బల్ల మీద బోర్లా పడుకోబెట్టారు. మత్తిచ్చి పడుకోబెట్టేసరికి, నిలబడితే జారే పూస చక్కగా వెనక్కి సర్దుకుంది. కంటికి కనపడే గుర్తు పోయింది. ఇక లెక్కే దిక్కు.

డాక్టరు తెర మీద కింద నుంచి వేలు పెట్టాడు. "ఇది ఐదు. ఇది నాలుగు. మార్క్ చేయండి."

అది ఆరు. ఆ పైది ఐదు.

"సార్..." అన్నాను.

"ఏంటి?"

ఆ "ఏంటి"లో కోపం కూడా లేదు. మామూలుగా అడిగాడు. చెప్పి ఉంటే వినేవాడేమో. మేరమ్మ నా వైపు చూసింది. నాకు బట్టలు మార్చుకునే గది గుర్తొచ్చింది. "ఏం లేదు సార్" అన్నాను.

నా ఉద్యోగంలో నేను చేసిన అతి పెద్ద తప్పు ఆ మూడు మాటలే.

నాలుగు స్క్రూలు వేశారు. ప్రతి స్క్రూకు నేను తీసిన బొమ్మ పాఠ్యపుస్తకంలో పెట్టొచ్చు. నరాన్ని చూడటానికి దించిన గొట్టంలోంచి లోపలికి చూస్తూ, "ఇక్కడ నరం మీద అంత ఒత్తిడేం లేదే" అని డాక్టరు ఒకసారి తనలో తను అనుకున్నాడు. అయినా పని ఆపలేదు. నేను కూడా తొక్కమన్నప్పుడల్లా తొక్కాను. ఇద్దరం కలిసి ఒక చెడిపోని కీలును అద్భుతంగా బిగించాం.

నా మనసు బాగనే ఉండాది

ఆరు వారాలు పోయాయి. లక్షుమ్మ మళ్లీ వచ్చింది, అదే కాలు ఈడ్చుకుంటూ. అంతకుముందు రెండుసార్లు వచ్చి బెల్టు పట్టుకుపోయింది, మాత్రలు పట్టుకుపోయింది. ఈసారి డాక్టరు ఆమెకు ఓపికగా వివరించాడు.

"ఆపరేషన్ బాగా అయిందమ్మా. స్క్రూలు చక్కగా ఉన్నాయి. ఒక్కోసారి భయం వల్ల కూడా నొప్పి ఉన్నట్టు అనిపిస్తుంది. మానసికం."

"నా మనసు బాగనే ఉండాది సార్. కాలే బాగల్యా" అంది లక్షుమ్మ.

నిలబెట్టి ఎక్స్‌రే తీయమని నా దగ్గరికి పంపారు. ఆపరేషన్ తర్వాత అప్పటిదాకా తీసినవన్నీ పడుకోబెట్టి తీసినవే. బొమ్మ తెర మీదికి వచ్చింది. కింద నాలుగు స్క్రూలు, నగల షాపులో సర్దినట్టు. వాటికి సరిగ్గా పైన, ఎవరూ ముట్టని చోట, పూస ఎప్పటిలాగే ముందుకు జారి ఉంది.

"ఏమప్పా, అట్ల చూస్తాండావు? బాగల్యాదా?" అని అడిగింది.

"డాక్టరు చెప్తాడులేమ్మా" అన్నాను. రెండోసారి కూడా నోరు రాలేదు.

ఆమెను బయట కూర్చోబెట్టి, పాత బొమ్మ, కొత్త బొమ్మ రెండూ తీసుకొని డాక్టరు గదికి పోయాను. లైటు పెట్టె మీద పక్కపక్కన పెట్టి, పక్కటెముకల కింద నుంచి పెన్సిలు ఆనించి లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. అక్కడితో ఆగకుండా ఆరు.

డాక్టరు మళ్లీ తను లెక్కపెట్టుకున్నాడు. కూర్చున్నాడు.

"నీకెప్పుడు తెలుసు?"

"ముందు రోజే తెలుసు సార్."

"తెలిసి ఎందుకు చెప్పలేదు?"

"మీరే గద సార్, అడిగితేనే మాట్లాడమన్నారు."

"నేను అడిగాను ఓబులేసూ. ఏంటి అని అడిగాను. ఏం లేదన్నావు."

నేను పెన్సిలు జేబులో పెట్టుకున్నాను.

ఆ గదిలో

మేనేజరును పిలిచారు. వ్యాపారం చదువుకొని వచ్చినాయన, ఆ చదువు వృథా పోనివ్వలేదు. "పక్క కీలు కూడా అరిగిందని చెప్పండి సార్. వయసుకు సహజం. ఇంకో చిన్న ఆపరేషన్ పడుతుందని చెప్పండి. అబద్ధం కూడా కాదు, అరిగింది నిజమే గదా. వాళ్లు పెద్ద కుటుంబం, ఇరవైమంది వచ్చి నిలబడితే అద్దాలు కూడా మిగలవు." ఆయన బాధంతా అద్దాల మీదే.

డాక్టరు తల ఊపాడు. లక్షుమ్మనూ గంగిరెడ్డినీ లోపలికి పిలిచారు. నేను బొమ్మలు చూపించడానికి లైటు పెట్టె పక్కన నిలబడ్డాను.

"చూడమ్మా, వయసును బట్టి పక్క కీలు కూడా కొంచెం..." అని మొదలుపెట్టి డాక్టరు ఆగిపోయాడు. లక్షుమ్మ చీర చెంగు చేతికి చుట్టుకొని, బడిలో కూర్చున్నట్టు బొమ్మ వైపు చూస్తోంది. ఆయన కళ్లద్దాలు తీసి టేబులు మీద పెట్టాడు.

"కాదమ్మా. తప్పు జరిగింది. నేను లెక్క తప్పాను. స్క్రూలు వేయాల్సిన చోట కాకుండా ఒక పూస కింద వేశాను. నీ కాలు నొప్పి తగ్గకపోవడానికి అదే కారణం."

అప్పటిదాకా నేను ఆయన్ని చూసి చాలా విషయాలకు నవ్వుకున్నాను. ఆ మాటకు నవ్వలేకపోయాను. మేనేజరు కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు.

గంగిరెడ్డి లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. "అంటే ఏంది సార్? బాగున్న చోట తూట్లు పొడిచినారా? మనిషనుకుంటిరా, గోడనుకుంటిరా?"

"కూసో" అంది లక్షుమ్మ.

ఆయన పడిన కుర్చీని తనే ఎత్తుకొని కూర్చున్నాడు.

అప్పుడు నా నోరు తెరుచుకుంది. ఎందుకు తెరుచుకుందో చెప్పలేను, డాక్టరు చెప్పేశాక నేనొక్కణ్ణే దాక్కున్నట్టయింది. "అమ్మా, నీకు ఆరు పూసలుండాయని నాకు ముందే తెలుసు. ఆ పొద్దు సార్ తప్పు లెక్కపెడతా ఉంటే చూస్తా ఉంటి. చెప్పల్యా."

లక్షుమ్మ డాక్టరు వైపు చూసి, "మీరు తెలీక చేసినారు" అంది. నా వైపు తిరిగి, "నువ్వు తెలిసీ ఊరకుండినావు" అంది. గొంతు పెంచలేదు. గంగిరెడ్డి కొట్టి ఉంటే అంత తగిలేది కాదు.

మళ్ళా చేయించుకోవాల్సిందే అని డాక్టరు చెప్పాడు. కర్నూలు పోతారా, హైదరాబాదు పోతారా, ఎక్కడికైనా సరే ఖర్చు ఆసుపత్రిదే, కాగితాలన్నీ ఇస్తాను అన్నాడు. మేనేజరు దగ్గాడు. డాక్టరు పట్టించుకోలేదు.

లక్షుమ్మ ఇంకోసారి బొమ్మ వైపు చూసింది. "ఇంకో ఊరికి పోతే మళ్ళా మొదటి నుంచి చూస్తారు. నా నడుములో ఏముండాదో మీకు బాగా తెలుసు ఇప్పుడు. ఈడనే చేయండి. ఈసారి ఈయప్ప లెక్కపెట్టాల. మీ అందరికీ ఇనపడేట్టు లెక్కపెట్టాల."

ఇనపడేట్టు

రెండో ఆపరేషన్ రోజు యంత్రాన్ని ముందు ఛాతీ కింది దాకా తోసి, చివరి పక్కటెముక చూపించాను. అక్కడ చర్మం మీద ఒక సూది ఆనించి, ఒక్కో పూస దిగుతూ, ప్రతిచోటా బొమ్మ తీస్తూ పైకి చదివాను. "ఒకటి." మేరమ్మ తిరిగి "ఒకటి" అంది. "రెండు." "రెండు." మత్తు డాక్టరు కూడా తల ఎత్తి చూశాడు. నాలుగు దగ్గర ఆగి, "ఇదే నాలుగు సార్, దీని కిందిది ఐదు. మీరొకసారి లెక్కపెట్టండి" అన్నాను. ఆయన లెక్కపెట్టాడు. తర్వాతే కత్తి అడిగాడు.

కింద వేసినవాటిని తీస్తే ఇంకా చెడుతుందని అట్లే ఉంచి, పైన నాలుగో పూసకు ఒక జత కలిపి, పొడుగు రాడ్డు వేశారు. నరం మీద ఒత్తిడి ఈసారి నిజంగానే కనపడింది, తీసేశారు. నాలుగో రోజుకు కాలు లాగడం పోయింది. రెండు నెలలకు తోటంతా తిరుగుతోందని గంగిరెడ్డి చెప్పాడు. కానీ ఒక కీలు కదలాల్సిన చోట రెండు కీళ్లు ఆగిపోయాయి. ఆమె ఇక నేల మీద బాసింపట్టు వేసుకొని కూర్చోలేదు, కింద పడిన చీనీకాయ వంగి తీసుకోలేదు. బాగయింది అని మేం రాసుకునే కేసుల్లో ఇట్లాంటివి కూడా ఉంటాయి.

ఆ తర్వాత మా థియేటర్లో లెక్క పైకి చదవకుండా ఒక్క గాటు కూడా పెట్టలేదు. డాక్టరే ఆ నియమం పెట్టాడు. నేను అరిచినా తిట్టడం మానేశాడు. ఒకటి రెండుసార్లు నేను అనవసరంగా అరిచాను కూడా, అప్పుడూ తిట్టలేదు, అది నాకు కొంచెం ఇబ్బందిగానే ఉండేది. ఆటోల వెనక "కోత లేదు" మాత్రం అట్లే ఉంది. అంత మార్పు మనుషుల నుంచి ఆశించకూడదు.

లక్షుమ్మ ఏటా ఒకసారి పరీక్షకు వచ్చేది. డాక్టరుకు చీనీకాయలు తెచ్చేది, మేరమ్మతో గంట సేపు మాట్లాడేది. తనకు అందరికంటే ఒక పూస ఎక్కువుందని వరండాలో కూర్చున్నవాళ్లకు గొప్పగా చెప్పేది. నాతో మాత్రం పలికేది కాదు. తిరగమంటే తిరిగేది, ఊపిరి బిగబట్టమంటే బిగబట్టేది. నేను ఎప్పుడూ క్షమాపణ అడగలేదు. అడిగితే నా బరువు ఆమె మీద పెట్టినట్టవుతుందని ఒక కారణం, ఇవ్వదేమోనన్న భయం ఇంకో కారణం.

నేను రిటైరయ్యే ఏడు కూడా ఆమె వచ్చింది. బల్ల ఎక్కబోతుంటే కాలు కొంచెం తడబడింది. పట్టుకుందామని చెయ్యి చాపాను.

"చెయ్యి వద్దులే నాకు" అంది, బల్ల అంచు పట్టుకొని తనే ఎక్కుతూ. "నోరుంటే చాలు. లోపల ఎట్లుండాదో ఉన్నది ఉన్నట్టు చెప్పు."

బొమ్మ తీశాను. పై జతలో ఎడమ స్క్రూ చుట్టూ సన్నటి నల్లగీత కనిపించింది. అది స్క్రూ కొంచెం వదులవుతోందనే గుర్తు కావచ్చు, కాకపోనూవచ్చు. డాక్టరు చెప్తాడులేమ్మా అనడానికి చాలా బాగుండే సందర్భం.

"ఒక స్క్రూ కొంచెం వదులైనట్టు అనిపిస్తాంది నాకు. సార్‌కు చూపిస్తా, నువ్వూ అడుగు" అని చెప్పాను.

ఆమె లేచి కూర్చొని, చెంగు సర్దుకొని, తెర దగ్గరికి జరిగింది.

"యాడ? చూపియ్" అంది.